అతుకు కనపడని చాంబరు

మా బావగారికి ఆగిపోయిన యంత్రం కనపడితే చేతులు ఊరుకునేవి కావు. బావగారంటే మా ఆయనకి అన్నగారు, భిలాయి స్టీలు ప్లాంటులో ఫిట్టరు. గోడ గడియారం ఆగినా, కుట్టుమిషను మొరాయించినా, ఎవరి సైకిలు చైను తెగినా, డ్యూటీ నుంచి వచ్చిన మనిషి చొక్కా అయినా విప్పకుండా గోనెసంచి పరిచి కూర్చునేవారు. ప్రతి ముక్కా ఊడదీసి, కిరసనాయిల్లో కడిగి, తుడిచి, వరసగా పేర్చి, ఆ తర్వాతే కాళ్లు కడుక్కునేవారు. మా తోడికోడలు, ఆవిణ్ణి నేను అక్కా అని పిలిచేదాన్ని, అన్నం చల్లారిపోతోందని గుమ్మంలో నిలబడి గొణుక్కునేది. ఈ గుణం ఆయనొక్కరిదే అయితే పోనీ అనుకోవచ్చు. క్యాంప్ వన్‌లో మా సందు మొత్తానికి అదే జబ్బు.

క్యాంప్ వన్ ఇళ్లు ప్లాంటు కట్టే రోజుల్లో కూలీలకని వేసినవి. కట్టడం అయిపోయాక కూడా ఇళ్లు ఉండిపోయాయి, ఇళ్లతోపాటు మేమూ ఉండిపోయాం. ఇటువైపు శ్రీకాకుళం వాళ్లం, ఎదురుగా బరంపురం నుంచి వచ్చిన వెల్డరు, సందు చివర లేతు మిషను మీద పనిచేసే టర్నరు, అతని పక్కన రేకులు సాగగొట్టే మనిషి. ప్లాంటులో యంత్రం ఆగితే ముందు దాన్ని నడిపించాలి, ఎందుకు ఆగిందన్న విచారణ ఆ తర్వాత. ఇంజనీరు వచ్చేసరికి విప్పిన సామాను మురికిగా ఉంటే మాట పడాలి. ఈ రెండూ వాళ్ల ఒంటికి పట్టేశాయి. మా కొంప ముంచింది ఈ మంచి అలవాటే. తాగుడూ పేకాటా లాంటి చెడ్డ అలవాట్లు ఉన్నవాళ్లు ఆ సందులోనే నిక్షేపంగా బతికారు.

మా ఆయన ప్లాంటు మనిషి కాడు. ప్లాంటు కట్టిన కాంట్రాక్టరు దగ్గర లారీ తోలేవాడు. పని పూర్తయ్యాక కాంట్రాక్టరు లారీలు అమ్ముకుని తన దారిన తాను పోయాడు. ప్లాంటులో చేరదామని వెళితే, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద ఏదో మచ్చ ఉందని తిప్పి పంపేశారు. దాంతో బావగారు దాచుకున్నదీ, నా మెళ్లో గొలుసూ కలిపి ఒక పాత నల్ల కారు కొన్నాం. దుర్గ్ స్టేషను దగ్గర టాక్సీగా పెట్టుకున్నాడు. ఆ కారు తిరిగితే మేం భిలాయిలో ఉంటాం. తిరగకపోతే పార్వతీపురం దగ్గర మా పల్లెకి పోయి, ఒకప్పుడు మా మామగారివైన పొలాల్లోనే కూలికి దిగాలి. ఇది ఎవరూ పైకి అనుకోలేదు గానీ, ఉదయం ఆ ఇంజను మొదటిసారి గర్జించేదాకా నేను ఊపిరి బిగబట్టుకుని పొయ్యి దగ్గర కూర్చునేదాన్ని.

కారుకి పూర్తి ఇన్సూరెన్సు చేయించమని పట్టుబట్టింది బావగారే. ప్లాంటులో జాగ్రత్త జాగ్రత్త అని రోజూ చెవిలో ఊదగా ఊదగా ఆయనకి జాగ్రత్త మీద భక్తి కుదిరింది. రాయపూర్ ఆఫీసు నుంచి గుమస్తా వచ్చి ఇంగ్లీషు కాగితాలు ఇచ్చి సంతకం చేయించుకుని వెళ్లాడు. వాటిని పసుపు గుడ్డలో చుట్టి దేవుడి పటం వెనక పెట్టుకున్నాం. దేవుడు ఇంగ్లీషు చదివాడో లేదో గానీ మాలో ఎవరం చదవలేదు.

వానలు మొదలైన వారంలో మా ఆయన ఒక బేరం దింపి రాయపూర్ నుంచి ఖాళీగా వస్తున్నాడు. కుమ్హారి దాటాక ఎదురుగా లారీ మీది మీదికి వచ్చింది. తప్పించబోయి కారుని రోడ్డు దింపాడు. రోడ్డు మరమ్మతుకని పోసిన కంకర గుట్ట మీదుగా కారు ఎగిరి, దాని పొట్ట రాళ్లని కొట్టుకుంది. గేరు తప్పించాడు గానీ తుమ్మచెట్టు తప్పలేదు. ముందు భాగం నలిగి ఆయన కుడికాలు విరిగి యాక్సిలరేటరు మీద ఇరుక్కుపోయింది. ఇంజను పెద్దగా అరవడం మొదలెట్టిందట. కాలు లాగలేడు, తాళం చెయ్యి అందదు. అరిచి అరిచి అది ఒక్కసారిగా నోరు మూసింది. ఆయనకి గుర్తున్నది అంతవరకే.

దుర్గ్ సర్కారీ ఆసుపత్రిలో కాలికి కట్టు వేశారు. మర్నాడు ఒక లారీవాడు కారుని తాడుతో లాక్కొచ్చి మా సందులో వదిలిపెట్టాడు. బావగారు దాని కిందకి దూరి, టార్చిలైటు పట్టుకోమని అక్కకి చెప్పారు. అక్క లైటుని ఒకచోట నిలపలేకపోతే నేను అందుకున్నాను. ఇంజను కింద ఆయిల్ నిలవ ఉండే రేకు తొట్టి ఉంటుంది, దాన్ని చాంబరు అంటారు. అది ఎడమవైపు ముందర చీలిపోయి ఉంది. నా పిడికిలి అందులో దూరింది. లోపల చుక్క ఆయిల్ లేదు. రాళ్లు తగిలి చాంబరు చీలింది, ఆయిలంతా నేల పాలైంది, ఆయిల్ లేకుండా ఇంజను అంతసేపు అరవడంతో లోపల బేరింగులు కరిగి పట్టేశాయి. చదువురాని నాకు కూడా తేటతెల్లంగా అర్థమైంది.

కంపెనీకి కబురు పంపాం. సర్వేయరు వస్తాడు, చూస్తాడు, డబ్బు ఇస్తారు అన్నారు. ఎప్పుడొస్తాడో చెప్పలేదు. ఆగిపోయిన ఇంజను గుమ్మం ముందు పెట్టుకుని ఊరికే కూర్చోమంటే మా సందు కూర్చుంటుందా?

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపూ నవ్వూ కలిసి వస్తాయి. మొదటి షిఫ్టు దిగినవాళ్లు మధ్యాహ్నం నుంచి, జనరల్ షిఫ్టు వాళ్లు సాయంత్రం నుంచి కారు మీద పడ్డారు. పైసా అడిగినవాడు లేడు. ఇంజను దింపారు. విప్పిన ప్రతి ముక్కా కడిగారు. తుడవడానికి ఆడవాళ్లం పాత చీరలు చింపి ఇచ్చాం. నేను బొగ్గుల పొయ్యి మీద గంగాళంతో టీ కాచాను. మొగుడు ఆసుపత్రిలో ఉన్నాడన్న సంగతి మధ్యమధ్య మరిచిపోయేంత సందడి. ఇంతమంది మనవాళ్లున్నారు, మనకేం భయం అనుకున్నాను. అంత ధైర్యం నాకు అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

చాంబరు పని ఎదురింటి వెల్డరుది. చీలిన రేకుని సాగగొట్టి, అంచు అంచుకి కలిపి అతికాడు. ఆకురాయితో రాశాడు, గరుకు కాగితంతో లోపలా బయటా రుద్దాడు, వెండి రంగు పూశాడు. పూశాక సందులోని ఆడవాళ్లనీ పిల్లల్నీ పిలిచి కళ్లు మూసుకోమన్నాడు. ఒక్కొక్కరి చెయ్యి చాంబరు మీద పెట్టి, అతుకెక్కడో తడిమి చెప్పండి అన్నాడు. అందరం తడిమాం. అక్క ఒకచోట చూపించింది, నేను ఇంకోచోట చూపించాను, రెండూ తప్పే. అతను పళ్లు ఇకిలిస్తూ, కొత్తది కూడా ఇంత నున్నగా ఉండదు వదినా అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం.

కరిగిపోయిన బేరింగులూ, గీతలు పడ్డ క్రాంకు ఇరుసూ మాత్రం ఇంట్లో బాగయ్యేవి కావు. అవి కొత్తవి వెయ్యాలి, దానికే కంపెనీ డబ్బు కావాలి. వాటిని కూడా అద్దాల్లా తోమి గోనె మీద పేర్చి పెట్టారు. ముందు మడ్గార్డూ, లైటూ, రేడియేటరూ నలిగింది నలిగినట్టే ఉండిపోయాయి. రేకులు కొట్టే మనిషికి ఆ వారం నైట్ షిఫ్టు పడింది గనక ఆగాయి. పగటి షిఫ్టు పడి ఉంటే వాటి డబ్బు మీద ఆశ కూడా ఉండేది కాదు.

సర్వేయరు రిక్షా దిగాడు. తెల్ల చొక్కా, టై, చంకలో గొడుగు. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే తిట్టుకునే సుఖమైనా మిగిలేది. చెప్పులు విప్పి గుమ్మంలో కూర్చున్నాడు, టీ తాగాడు, మా ఆయన కాలు ఎలా ఉందని అడిగాడు. మడ్గార్డు కొలిచాడు. తర్వాత గోనె మీద తళతళలాడుతున్న ఇంజను ముక్కల్లో ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. బావగారు చేతులు కట్టుకుని, తన ఇంజనీరుకి చెప్పినట్టే, ఏది ఎందుకు పాడైందో వచ్చీరాని హిందీలో వివరించారు. ఆయన మొహంలో గర్వం నేను చూశాను. సామాను ఇంత శుభ్రంగా చూపించినందుకు మెచ్చుకుంటాడని ఎదురుచూస్తున్నారు.

చాంబరు చీలిందంటున్నారు, ఏదీ చూపించండి అన్నాడు సర్వేయరు. వెల్డరు పరుగున తెచ్చి చేతిలో పెట్టాడు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు. వెలుతురుకి పట్టి చూశాడు. దెబ్బ ఎక్కడ అని అడిగాడు.

"నహీ దిఖేగా సాబ్," అన్నాడు వెల్డరు సంబరంగా. కనపడదట.

అప్పటికి గానీ నా గుండెల్లో రాయి పడలేదు. సర్వేయరు చాంబరుని మెల్లగా కింద పెట్టి, విప్పే ముందు ఫొటో తీయించారా అని అడిగాడు. ఫొటో ఎక్కడిది. బయటి మెకానిక్కు ఎవరికైనా చూపించారా? ఇంట్లోనే ఇంతమంది మెకానిక్కులుంటే బయటివాడెందుకు. నేను పమిట సర్దుకుని ముందుకొచ్చి, నేను చూశాను, నా చెయ్యి దూరింది అని చెప్పాను. మీరు ఇంటివాళ్లు కదమ్మా అన్నాడు, విసుక్కోకుండానే.

తర్వాత హిందీలో నిదానంగా విప్పి చెప్పాడు. ప్రమాదంలో తగిలిన దెబ్బకి కంపెనీ డబ్బిస్తుంది. మడ్గార్డు నలిగింది, కళ్లకి కనపడుతోంది, ఇస్తుంది. ఇంజను ఆయిల్ లేక కాలింది. ఆయిల్ ఎందుకు లేదు? చాంబరు బాగానే ఉంది. అంటే డ్రైవరు ఆయిల్ చూసుకోకుండా తోలి ఉండాలి. అది ప్రమాదం కాదు, మెకానికల్ బ్రేక్‌డౌన్. దానికి పాలసీలో చోటు లేదు. ఇదంతా రాసుకుని, గొడుగు తీసుకుని, టీ బాగుందని చెప్పి వెళ్లిపోయాడు.

సందులో ఎవరూ కదల్లేదు. వెల్డరు ఆ చాంబరుని చూస్తూ కూర్చుండిపోయాడు. నాకు వాళ్లందరి మీదా పట్టరాని కోపం వచ్చింది. నా మొగుడి నోటి దగ్గర కూడు వీళ్లు గరుకు కాగితంతో రుద్ది పారేశారనిపించింది. తిట్టడానికి నోరు తెరిచాను. టర్నరు చేతి వేళ్లు కిరసనాయిలుకి పాలిపోయి ముడతలు పడి కనపడ్డాయి. ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను.

ఆసుపత్రికి వెళితే మా ఆయన కాలి సంగతి అడగనిచ్చేవాడు కాదు, ముందు కారు సంగతి చెప్పమనేవాడు. మీ అన్నయ్య నున్నగా చేసి పెట్టారు, సర్వేయరు వచ్చి చూసుకుని వెళ్లాడు అన్నాను. అందులో అబద్ధం ఏమీ లేదు. ఆయన దిండు మీద వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. కట్టు విప్పగానే ఏయే బేరాలు పట్టాలో, రాయపూర్ పోయే సేట్లలో ఎవరు మాట మీద నిలబడతారో చెప్పుకుంటూ పోయాడు. నేను ఊ కొడుతూ, బత్తాయి తొక్క తీస్తూ, లోపల దేవుణ్ణి నానా మాటలూ అన్నాను.

సాక్ష్యం కావాలి. సర్వేయరు ఇంటివాళ్లు పనికిరారన్నాడు, అయితే పరాయివాళ్లని తెద్దామనుకున్నాను. మా ఆయనతో స్టేషను దగ్గర నిలబడే ఒక టాక్సీవాడు నన్నూ అక్కనీ కుమ్హారి తీసుకెళ్లాడు. తుమ్మచెట్టు దొరికింది, బెరడు లేచిపోయి ఉంది. కంకర గుట్ట లేదు. రోడ్డువాళ్లు దాన్ని పరిచేసి పైన రోలరు తోలేశారు. నేల మీద ఆయిల్ మరక ఏమైనా ఉందేమోనని పాపిష్టిదానిలా వంగి వెతికాను. వానలకి అంతా బురద. ఆ దగ్గర మేకలు మేపుకునే ఒక ముసలావిడ వచ్చి, ఎవరు కావాలని అడిగింది. ప్రమాదం జరిగినప్పుడు ఆవిడ అక్కడే ఉందట.

"గాడీ హ అబ్బడ్ రోవత్ రిహిస్, దాయి," అంది. కారు చాలా ఏడ్చిందమ్మా అని.

నేను అక్కడే బురదలో చతికిలబడి ఏడ్చాను. నా బాధ పంచుకునే మనిషి దొరికినట్టయింది. కింద నూనె కారిందా, నల్లగా పారిందా అని ఎన్ని విధాల అడిగినా, ఆవిడ మనిషిని లాగడం చూసింది గానీ నూనె చూడలేదు. చూడనిది చూశానని ఎలా చెప్పమంటావు అంది. అబద్ధం చెప్పమని అడగడానికి నాకు నోరు వచ్చింది, ఆవిడ ఛత్తీస్‌గఢీలో దాన్ని ఎలా అడగాలో మాత్రం రాలేదు.

ఇక రాయపూర్ ఆఫీసు ఒక్కటే మిగిలింది. పెద్ద ఆఫీసరు కాళ్లు పట్టుకుందామని, చాంబరుని గోనెసంచిలో చుట్టుకుని బావగారు బయల్దేరారు. ఆయనకి పెద్దవాళ్ల ముందు మాట పెగలదు. నేనూ వస్తానన్నాను. అప్పటిదాకా ఆయనకి ఎదురుగా నిలబడి నేను మాట్లాడింది లేదు. ఏం కావాలన్నా అక్కతో చెప్పించేదాన్ని. పాసింజరు బండిలో ఎదురూబొదురూ కూర్చుని, ఇద్దరం కిటికీలోంచి చూస్తూ వెళ్లాం. గోనెసంచి ఆయన ఒళ్లో ఉంది.

ఆఫీసరు మా మాట విన్నాడు. వినలేదని చెప్పను. సర్వేయరు రాసిన కాగితం ముందు పెట్టుకుని, పోనీ అతికారనే అనుకుందాం, ఎప్పుడు అతికారు, ఈ కారు మీరు కొనకముందే అతికి ఉండొచ్చు కదా అన్నాడు. రంగు కొత్తది సాబ్ అన్నాను. రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చన్నాడు. లోపల చీలిక ఎంత పొడుగో, అంచులు ఎంత తాజాగా ఉన్నాయో కనపడితే వేరే మాట, నున్నటి రేకు చూసి నేనేం రాయను అన్నాడు.

బావగారు లేచి బయటికి నడిచారు. ఆఫీసు ముందున్న సైకిలు షాపులో సుత్తి అడిగి తెచ్చారు. వరండా మెట్టు మీద చాంబరుని బోర్లించి, అతుకు ఉన్న చోట గట్టిగా కొట్టారు. ఆ చోటు ఆయనకి తెలుసు, కళ్లు మూసుకున్నా తెలుసు. అతుకు విచ్చుకుంటే లోపలి చీలిక బయటపడుతుందని ఆయన ఆశ. గుమస్తాలు కుర్చీలు వదిలి వచ్చి నిలబడ్డారు. ఆఫీసరు కూడా వచ్చాడు. అతుకు విచ్చుకోలేదు. పక్కన రేకు సొట్టపడింది. మళ్లీ కొట్టారు, ఇంకోవైపు సొట్టపడింది. వెండి రంగు పెచ్చులు లేచాయి. ఆయన చెమటలు కక్కుతూ కొడుతూనే ఉన్నారు. చుట్టూ రేకు వంగిపోతోంది, చిరుగుతోంది, అతుకు మాత్రం చెక్కు చెదరలేదు. ఆఫీసరు ఆయన భుజం పట్టుకుని ఆపాడు. ఇప్పుడు ఇది నా కళ్ల ముందే పగిలింది, ప్రమాదంలో పగిలిందని నేనెలా రాయను, ఇంటికి వెళ్లండి అన్నాడు. అతని గొంతులో జాలి ఉంది. ఆ జాలి నాకు చెప్పుదెబ్బలా తగిలింది.

తిరుగు బండిలో బావగారు చాలాసేపు చాంబరుని తిప్పి తిప్పి చూశారు. భిలాయి పవర్ హౌస్ స్టేషను రాబోతుండగా నాతో మొదటిసారి నేరుగా మాట్లాడారు.

"ఊడలేదమ్మా," అన్నారు. "మావోడు బాగా అతికీసినాడు."

ఆ మాటలో ఏడుపు ఎంత ఉందో మెప్పు కూడా అంతే ఉంది. నేను మొహం తిప్పేసుకున్నాను. మర్నాడు నేను వద్దని అక్కతో చెప్పించేలోపే, ఆయనా వెల్డరూ కలిసి సొట్టలన్నీ తీసి, చిరుగులు అతికి, రుద్ది, మళ్లీ రంగు వేసేశారు. ఎందుకిదంతా అని అక్క అడిగితే, అలా వదిలీస్తే ఎలాగే అన్నారట. కాలిన బేరింగులు తీసినవి తీసినట్టే ఉన్నాయి. వాటినే మళ్లీ లోపల పెట్టి ఇంజను కారులోకి ఎక్కించారు. తిరగదని తెలిసీ ఎక్కించారు.

కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మడ్గార్డుకీ లైటుకీ రేడియేటరుకీ ఇస్తామన్నారు. ఇంజనుకి లేదన్నారు. స్కూలు మాస్టారు చదివి చెప్పాక, దాన్ని పసుపు గుడ్డలో చుట్టి దేవుడి పటం వెనక పెట్టలేదు. ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు.

మా ఆయనకి కట్టు విప్పి ఇంటికి పంపించిన రోజు సందంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఎవరూ దగ్గరికి రాలేదు. కారు మా ఇంటి ముందు నల్లగా నిగనిగలాడుతోంది. రేకులు కొట్టే మనిషి మడ్గార్డు కూడా సరిచేసేశాడు. లైటుకి కొత్త అద్దం వేశారు. చూసినవాడెవడైనా రేపు బేరానికి పోతుందనుకుంటాడు. ఇంజను సంగతి ఆయనకి ఎలా చెప్పాలో నేను రిక్షాలో దారంతా కూడబలుక్కుంటూనే ఉన్నాను, ఒక్క ముక్కా బయటికి రాలేదు.

రిక్షా దిగి, చంక కర్ర మీద మెల్లగా కారు దగ్గరికి నడిచాడు. తలుపు తీస్తాడనుకున్నాను. తియ్యలేదు. కర్ర పక్కన పడేసి, నేల మీద కూర్చుని, వెల్లకిలా పడుకుని, చేతులతో నేలని నెట్టుకుంటూ కారు కిందకి జరిగాడు. అప్పుడు అర్థమైంది నాకు. స్టేషను దగ్గరి టాక్సీవాళ్లు ఆసుపత్రికి వచ్చి చెప్పేశారు. ఆయిల్ లేకుండా తోలావని కంపెనీ అంటోందట అని చెప్పి ఉంటారు. అన్నీ తెలిసే ఆయన నా బత్తాయి తొనలు తింటూ బేరాల సంగతులు చెప్పాడు.

బావగారు పక్కన గొంతుక్కూర్చున్నారు. నేనూ వంగాను. మా ఆయన చెయ్యి చాంబరు మీద అటునుంచి ఇటు, ఇటునుంచి అటు తిరుగుతోంది.

"అన్నియ్యా, ఎక్కడ పగిలింది?"

"ఎడమేపు. ముందర."

చెయ్యి ఎడమవైపుకి పోయింది. వేళ్లతో నొక్కాడు, గోటితో గీశాడు. ఇంకొంచెం ముందుకి పోయాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు.

"తగల్లేదు," అన్నాడు. తర్వాత, "నిజంగా పగిలిందేటి?"

బావగారు నా వైపు చూశారు.

"నాను సూసినాను," అన్నాను నేను. "నా సెయ్యి దూరింది అందులో."

"నువ్వు నా మనిసివి. అలాగే అంటావు." ఆయన చెయ్యి ఇంకా అక్కడే ఉంది. "ఆ దినం పొద్దున్న ఆయిల్ సూసేనో లేదో నాకు గేపకం రాలేదు. ఆసుపత్రిలో రోజూ అదే తలుసుకున్నాను. రాలేదు."

బండి తియ్యబోయే ముందు ఆయిల్ చూడకుండా ఉండే మనిషి కాడు ఆయన. అన్నం తినడం మరిచిపోతాడు గానీ అది మరిచిపోడు. నేను ఆ మాటే చెప్పాను, బావగారు చెప్పారు, వెల్డరు వచ్చి నేల మీద కూర్చుని నా పిల్లల మీద ఒట్టు అన్నాడు. ఆయన అందరి మాటా విన్నాడు. కిందనుంచి బయటికి వచ్చి, వీపుకి అంటిన దుమ్ము దులపమని నాతో అన్నాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. కారుని పాత ఇనుము కొనేవాడు వచ్చి లాక్కుపోయినప్పుడు ఇంట్లోంచి బయటికి రాలేదు.

మేం పల్లెకి పోలేదు. బావగారి ఇంట్లోనే ఒక గదిలో సర్దుకున్నాం. ఆయిల్ లేకుండా తోలే డ్రైవరని స్టేషను దగ్గర పేరు పడిపోయింది, చాలాకాలం ఎవరూ బండి ఇవ్వలేదు. చివరికి మరోదా వైపు ఇళ్లు కట్టే ఒక కాంట్రాక్టరు లారీ ఇచ్చాడు. తన సొంత బండి అన్నది ఆయనకి మళ్లీ లేదు. ఇంట్లో బావగారు కూడా మారిపోయారు. టేబుల్ ఫ్యాను ఆగిపోతే, ముట్టుకోకండి, ముందు ఎవరైనా వచ్చి చూడనీండి అనేవారు. వేసవంతా అది అలాగే పడి ఉంది.

లారీని రాత్రి మా సందు మొగలో నిలిపేవాడు. ఉదయం బానెట్టు ఎత్తి, ఆయిల్ మట్టం చూసే గేజి కడ్డీ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి నన్ను పిలిచేవాడు. చేతికి పిండి ఉన్నా, చంకలో పిల్ల ఏడుస్తున్నా నేను వెళ్లాలి. గేజి నా కళ్ల ముందు పెట్టి, సూసేవా, ఉందా అని అడిగేవాడు. ఉంది అని నేను అంటే గానీ లారీ ఎక్కేవాడు కాదు. ఆయన బండి తోలినన్నాళ్లూ ఇదే. చలిలో, వానలో, నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా. ఒక్కనాడు కూడా నేను చూడకుండా ఉంది అనలేదు.